వంటింట్లో వేలాడే గిన్నెల చట్రం: స్లాబు నుంచి కొక్కెం దాకా

చెక్క బద్దల చట్రంలో రెండు స్టీలు పైపులు అమర్చి, దాన్ని గొలుసులతో కప్పుకు వేలాడదీసి, పైపులకు కొక్కేలతో గిన్నెలు తగిలించడం, ఇదీ మనం చేయబోయే పని. చెక్క కొనడానికి బయల్దేరేముందు వంటింట్లో ఉన్న సామానంతా గట్టు మీద పరవండి. చెవులున్నవి, కాడ చివర చిల్లున్నవి ఒక పక్కకి. ఏ పట్టూ లేనివి ఇంకో పక్కకి. మన ఇళ్లలో రెండో గుంపే పెద్దది. అన్నం గిన్నె, పాల గిన్నె, పులుసు గిన్నె, వీటికి అంచు తప్ప ఏమీ ఉండదు కాబట్టి ఇవి వేలాడవు. అట్ల పెనం, బాణలి, చెవుల మూకుడు, టీ గిన్నె, పోపు గరిటె, చిల్లుల గరిటె, అట్లకాడ వేలాడతాయి. ఇలాంటివి ఎనిమిదికి తక్కువ తేలితే చట్రం పని పెట్టుకోకండి. గోడకి రెండడుగుల స్టీలు పైపు ఒకటి బిగించుకుంటే సరిపోతుంది. రాచ్చిప్పల్లాంటి రాతి పాత్రలకు తాడు కట్టి తగిలించే ఆలోచన మాత్రం వద్దు. జారితే గట్టు మీది గ్రానైటు, చిప్ప రెండూ పోతాయి.

తర్వాత తూకం. వేలాడదీయాలనుకున్నవన్నీ ఒక సంచిలో వేసి, ఆ సంచి పట్టుకుని బరువు చూసుకునే మిషను ఎక్కండి. వచ్చిన అంకెలోంచి మీ బరువు తీసేయండి. పోత ఇనుప పెనాలు రెండు, ఇనుప బాణలి ఒకటి ఉంటే వాటికే ఆరేడు కిలోలు తేలుతుంది. ఇక్కడ చెప్పే చట్రం 20 కిలోల సామానుకు లెక్క వేసింది. చట్రం, గొలుసులు కలిపి ఇంకో ఆరు కిలోలు. అంటే స్లాబు మీద పడేది 26 కిలోలు.

ఈ పనిలో చెక్క కొయ్యడం, అతకడం తేలిక. తప్పు జరిగినా చెక్క ముక్కే పోతుంది. పైన స్లాబులో వేసే నాలుగు రంధ్రాలే అసలు పని. అందుకే కొలతలు తీసుకోకముందే పైకి చూడాలి.

మీ పైకప్పు ఏ రకం?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది మామూలు ఆర్.సి.సి. స్లాబు. మందం ఐదారు అంగుళాలు, కింద పలచని ప్లాస్టరింగు. అల్యూమినియం అచ్చులతో పోసిన కొత్త టవర్లలో ప్లాస్టరింగే ఉండదు, కాంక్రీటు మీదే పుట్టీ పూస్తారు. రెండింటికీ యాంకర్, అంటే రంధ్రంలో విచ్చుకుని బోల్టును పట్టి ఉంచే ఉక్కు గొట్టం, బాగానే పట్టుకుంటుంది.

జాగ్రత్త పడాల్సింది పోస్ట్ టెన్షన్ స్లాబు విషయంలో. ఇందులో ఉక్కు తీగలను బిగుతుగా లాగి కాంక్రీటులో ఉంచుతారు. గది నడిమధ్యన ఆ తీగలు స్లాబు అడుగుభాగానికి దగ్గరగా దిగుతాయి. డ్రిల్లు తగిలి తీగ తెగితే ప్రమాదం మీ ఇంటితో ఆగదు. మీ భవనంలో ఏ స్లాబు ఉందో అసోసియేషన్ ఆఫీసులోనో బిల్డరు దగ్గరో కనుక్కోండి. పోస్ట్ టెన్షన్ అని చెబితే, తీగల డ్రాయింగు చూపించి ఫలానా చోట వేసుకోవచ్చని ఇంజనీరు గుర్తు పెట్టనిదే పైన డ్రిల్లు ఆనించకండి. తేలకపోతే చట్రాన్ని గోడకు బ్రాకెట్ల మీద పెట్టుకోవడం మేలు.

జిప్సం ఫాల్స్ సీలింగ్‌కి బలం సున్నా. ఆ పలకనీ, దాని వెనక ఉండే రేకు చానెళ్లనీ నమ్మకూడదు. పలకకి చిల్లు పెట్టి, పైన అసలు స్లాబులో యాంకర్ వేసి, 8 మి.మీ. మర రాడ్డును కిందికి దించి, రెంటినీ కలిపే లాంగ్ నట్టుతో ఐ బోల్టు (తల దగ్గర ఉంగరం ఉండే బోల్టు) తగిలించాలి. రాడ్డును పలక భరించకూడదు, ఊరికే దానిలోంచి దూరి రావాలి.

మల్లేశ్వరం, బసవనగుడిల్లో మంగళూరు పెంకుల ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఉంటే పని సగమే. వెనకటి రోజుల్లో ఉట్టి ఎక్కడ కట్టేవారో అక్కడే, అంటే దూలానికే కట్టాలి, వాసానికి కాదు. పెంకుల కింది వాసం అంత బరువు మొయ్యడానికి వేసింది కాదు.

ఇక సజ్జ. గట్టుకు పైన ఏడడుగుల ఎత్తులో కాంక్రీటు సజ్జ ఉంటే దాని అడుగున యాంకర్ కొట్టకండి. అది గోడలోంచి పొడుచుకొచ్చిన పలచని పలక, సాధారణంగా మూడంగుళాలకు మించదు. తప్పదంటే బోల్టు పైకంటా దూర్చి, సజ్జ మీద వెడల్పాటి వాషరు వేసి నట్టు బిగించాలి. అప్పుడు కూడా తేలిక సామానుకే.

ఎక్కడ, ఎంత ఎత్తులో

పొయ్యి మీద వద్దు. నూనె పొగంతా గిన్నెల అడుగులకు పట్టి, వారం తిరిగేసరికి జిడ్డు కడ్డీల దాకా పాకుతుంది. పొయ్యికి పక్కగా కనీసం రెండడుగులు జరపండి. నడిచే దారిలోనూ వద్దు, ఇంటికొచ్చిన పొడుగాటి బంధువు నుదురు చెబుతుంది ఎందుకో. గట్టు పైనే, గోడకు మూడంగుళాల ఎడంతో ఉండాలి. మామూలు గట్టు రెండడుగుల వెడల్పు. ఒకటిన్నర అడుగు చట్రం దాని మీద సరిగ్గా సరిపోతుంది. అదే గోడకు పైన అల్మరాలు ఉంటే చట్రానికి చోటుండదు, వేరే గోడ చూసుకోవాలి.

ఎత్తుకు పుస్తకాల లెక్క పనికిరాదు. రోజూ వంట చేసే మనిషి గట్టు ముందు నిలబడి, చెయ్యి చాచి, పిడికిలి బిగించి పైకెత్తాలి. పిడికిలి గోడ మీద ఎక్కడికి వస్తుందో పెన్సిలు గీత పెట్టి, దానికి రెండంగుళాలు కింద ఇంకో గీత గీయండి. కొక్కేల అడుగు అక్కడికి రావాలి. ఐదడుగుల రెండంగుళాల మనిషికి అది నేల నుంచి సుమారు 6 అడుగుల 2 అంగుళాలు. కప్పు తొమ్మిదిన్నర అడుగులైతే కొక్కెం, చట్రం పోగా గొలుసుకూ ఐ బోల్టులకూ కలిపి 35 అంగుళాలు మిగులుతుంది. ఇంట్లో ఇద్దరు వండితే పొట్టివాళ్ల కొలతే తీసుకోండి.

చెక్క, సామాను

టేకు మంచిది. మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లోనో, కంటోన్మెంట్ దగ్గర బ్యాంబూ బజార్‌లోనో దొరుకుతుంది. కన్నడంలో సాగువాని అని అడగండి. ఘనపు అడుగు లెక్కన అమ్ముతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపు అడుగులు వస్తాయి. మనకు కావలసింది తరుగుతో కలిపి 0.35 ఘనపు అడుగు మాత్రమే, కాబట్టి దూలం కొనమంటే కొనకండి, తుంటల కుప్పలో వెతకండి. కూల్చిన ఇంటి ద్వారబంధం దొరికితే ఇంకా మంచిది. ఏళ్ల తరబడి ఆరిన చేవ అది. కాకపోతే కోయించేముందు పాత మేకులన్నీ పీకించాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి.

ఎంచేటప్పుడు అంచులో తెల్లగా కనిపించే భాగాన్ని వదిలేయండి. పుచ్చు మొదలయ్యేది అక్కడే. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల నుంచి వచ్చే సిల్వర్ ఓక్ చవక, చూడ్డానికీ బాగుంటుంది. కానీ మెత్తన, సరిగా ఆరకపోతే వంకర తిరుగుతుంది. పది కిలోల లోపు సామానుకైతే చాలు. ప్లైవుడ్ అంచులు ఆవిరికి విచ్చుకుంటాయి, ఎం.డి.ఎఫ్. (చెక్క పొడి నొక్కి చేసే పలక) గురించి అసలు ఆలోచించనక్కర్లేదు.

చిత్రిక పట్టించాక ఉండాల్సిన ముక్కలు ఇవి:

పొడవు బద్దలు 2: 914 మి.మీ. పొడవు, 70 ఎత్తు, 35 మందం.
అడ్డ బద్దలు 3: 387 మి.మీ. పొడవు, 70 ఎత్తు, 22 మందం.
19 మి.మీ. స్టీలు పైపు ముక్కలు 2: ఒక్కోటి 812 మి.మీ.
10 మి.మీ. చెక్క చీలలు 12: ఒక్కోటి 75 మి.మీ. (కొట్లో డోవెల్ అంటే ఇస్తారు.)
చట్రానికి 8 మి.మీ. ఐ బోల్టులు 4, మర భాగం 100 మి.మీ., వెడల్పు వాషర్లు, నైలాన్ నట్లు.
స్లాబుకు 8 మి.మీ. డ్రాప్ ఇన్ యాంకర్లు 4, వాటిలోకి ఎక్కే పొట్టి ఐ బోల్టులు 4.
4 మి.మీ. లింకు గొలుసు 4 మీటర్లు, క్విక్ లింకులు (మర మూత తిప్పి తెరిచే లింకులు) 8.

ఇనుప సామానంతా ఎస్.జె.పి. రోడ్డు, ఎస్.పి. రోడ్డు చుట్టుపక్కల ఒకే పూటలో దొరుకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం అడగండి. పూత పూసినవి బెంగళూరు గాలికి కొన్నాళ్లు ఆగుతాయి గానీ వంటింటి ఆవిరికి ఆగవు. ఇదే చట్రం చెన్నైలో సముద్రానికి దగ్గరగా కడితే పూత పూసినవాటి జోలికే పోకండి.

చెక్క తెచ్చిన రోజే కొయ్యకండి. వంటింటి పక్క గదిలో రెండు వారాలు, కింద పుల్లలు పెట్టి గాలాడేలా ఉంచండి. మూడు రోజులకోసారి ఒక ముక్కను తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. తడి కర్రతో కడితే మొదటి ఎండాకాలంలో అతుకులు నోరు తెరుస్తాయి.

కొయ్యడం, అతకడం

అడ్డ బద్దలు మూడూ పొడవులో వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. ఒకదానిపై ఒకటి పేర్చి క్లాంపు బిగించి, మూడూ కలిపి చివర్లు సమం చేయండి. ఆ క్లాంపు విప్పకుండానే పైపుల చోట్లు గుర్తు పెట్టండి. రెండు చివర్ల నుంచీ 100 మి.మీ., ఎత్తులో సరిగ్గా సగం, అంటే 35 మి.మీ. దగ్గర. అక్కడ 3 మి.మీ. బిట్‌తో మూడు బద్దల్లోంచీ ఒకే దెబ్బన చిల్లు వేయండి. విడివిడిగా కొలిచి వేస్తే ఎక్కడో ఒకచోట 2 మి.మీ. తేడా వస్తుంది, పైపు మధ్య బద్ద దగ్గర ఇరుక్కుంటుంది. ఈ పనిలో ఎక్కువమంది చట్రం విప్పి మళ్లీ కట్టేది దీనివల్లే.

ఇప్పుడు విడదీసి, ఆ సన్న చిల్లునే దారిగా పెట్టుకుని 20 మి.మీ. బిట్ వాడండి. మధ్య బద్దకు ఆ పక్కకంటా రంధ్రం. చివరి బద్దలు రెండింటికీ లోపలి వైపు నుంచి 12 మి.మీ. లోతు గుంట మాత్రమే. బిట్‌కు 12 దగ్గర రంగు టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. బయటి వైపు మిగిలిన సన్న చిల్లులో పళ్లపుల్ల ముక్క జిగురుతో దూర్చి కోసేస్తే కనబడదు.

పొడవు బద్దల్లో ఐ బోల్టు రంధ్రాలు చివర్ల నుంచి 180 మి.మీ. దగ్గర, పై అంచు నుంచి నిలువుగా, మందానికి నడిమధ్యన. బిట్ 8.5 మి.మీ. డెబ్బై మి.మీ. ఒకే వైపు నుంచి తొలిస్తే బిట్ పక్కకు లాగి ముఖం మీద పొడుచుకొస్తుంది. సగం పైనుంచి, సగం కిందినుంచి తొలవండి. మర ఉన్న చిన్న కొక్కేన్ని నేరుగా చెక్కలోకి తిప్పి బిగించే దారి తేలికే, కానీ చెక్క ఆరుతూ తడుస్తూ ఉంటే ఆ మర పట్టు వదులుతుంది. బోల్టు ఆ పక్కకు దూరి కింద నట్టుతో ఆగాలి.

అడ్డ బద్దలను పొడవు బద్దల చివర అంచుకు కాక, 40 మి.మీ. లోపలికి పెట్టండి. చివరనే పెట్టి చీల కొడితే పొడవు బద్ద కొస చీలుతుంది. బయట మిగిలే ఆ చెవులు చూడ్డానికీ ముచ్చటగా ఉంటాయి.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అతికే ముఖాలను థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే, అదే పూట జిగురు రాయండి. నీటికి తట్టుకునే రకం, ఉదాహరణకు ఫెవికాల్ మెరైన్, వాడండి. ముందు ఒక పొడవు బద్దకు మూడు అడ్డ బద్దలూ నిలబెట్టి పైపులు దూర్చండి, తర్వాత రెండో పొడవు బద్ద మూయండి. పైపులు మర్చిపోయి మూసేస్తే వాటిని ఎక్కించే దారి ఉండదు. క్లాంపులు బిగించి మూల నుంచి మూలకు కొలవండి. రెండు వైపులా 1022 మి.మీ. రావాలి. తేడా ఉంటే పొడవుగా ఉన్న కర్ణం మీదుగా ఇంకో క్లాంపు వేసి మెల్లగా లాగండి.

జిగురు ఒక రాత్రి ఆరాక, పొడవు బద్ద బయటి నుంచి అడ్డ బద్ద కొసలోకి 10 మి.మీ. రంధ్రాలు, ఒక్కో అతుకుకు రెండు, పై అంచు నుంచి 20, 50 మి.మీ. దగ్గర, 75 లోతు. చీలకు జిగురు రాసి చెక్క సుత్తితో కొట్టండి. చీల పొడవునా సన్న గాడి లేకపోతే ఉలితో ఒక గాటు పెట్టండి. లోపల ఇరుక్కున్న జిగురుకు దారి లేకపోతే చెక్కను చీలుస్తుంది. ఇక్కడ స్క్రూలు ఎందుకు వద్దంటే, బద్ద కొసలో నారలు పొడవునా ఉంటాయి కాబట్టి స్క్రూ వాటిని పట్టుకోదు, వాటి మధ్యన జారుతుంది.

గరుకు కాగితం 120, తర్వాత 180. అంచులన్నీ వేలికి గుచ్చుకోకుండా గుండ్రం చేయండి. పాతకాలపు లక్క పాలిష్ ఆవిరికి తెల్లబడుతుంది, వంటింటికి తగదు. పి.యు. మ్యాట్ (మెరుపు లేని పాలీయురిథేన్ పాలిష్) మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య 320 కాగితంతో తేలిగ్గా రుద్దాలి. రంధ్రాల లోపల కూడా కుంచె తిప్పండి. పైన అడ్డంగా పట్టీలు కొట్టి మూతలు పెట్టుకునే చట్రాలు కొన్ని కనిపిస్తాయి; మీరు కొట్టకండి. అక్కడ పేరుకునేది మూతల కన్నా దుమ్మే ఎక్కువ.

స్లాబులో రంధ్రాలు

అట్ట మీద 704 మి.మీ. పొడవు, 572 మి.మీ. వెడల్పు దీర్ఘచతురస్రం గీసి మూలల్లో చిల్లులు పెట్టండి. చట్రం మీది బోల్టుల మధ్య దూరం 554, 422. పైన అన్ని వైపులా 75 మి.మీ. ఎక్కువ పెట్టడం వల్ల గొలుసులు కాస్త బయటికి వాలి, గిన్నె తీసిన ప్రతిసారీ చట్రం ఊయలలా ఊగకుండా ఉంటుంది. ఇంతకన్నా బాగా వాల్చకండి, వాలు పెరిగేకొద్దీ గొలుసు మీద లాగుడు పెరుగుతుంది.

అట్టను టేపుతో కప్పుకు అంటించేముందు లైటు పాయింటు, ఫ్యాను పాయింటు, చిమ్నీ వైరు ఎటు పోతున్నాయో చూడండి. స్లాబులో కరెంటు పైపులు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు దాదాపు తిన్నగా పోతాయి. ఆ గీతకు అడుగు దూరంలో ఉండండి. వంటింటి ఎం.సి.బి. దించి, డ్రిల్లుకు కరెంటు వేరే గది నుంచి తీసుకోండి.

మామూలు ఇంటి డ్రిల్లు గోడకు సరిపోతుంది కానీ స్లాబుకు ఆయాసపడుతుంది. హ్యామర్ మిషను అద్దెకు తెచ్చుకోండి. డ్రాప్ ఇన్ 8 మి.మీ. యాంకర్‌కు రంధ్రం 10 మి.మీ., లోతు కాంక్రీటులో 30 మి.మీ. ప్లాస్టరింగు ఉంటే దాని మందం ఇంకా కలపాలి. మొదట బిట్ మెత్తగా దిగి, ఆ తర్వాత గట్టి తగిలితే, ఆ మెత్తనిదే ప్లాస్టరింగు. అక్కడి నుంచి 30 లెక్కపెట్టండి. యాంకర్ ప్లాస్టరింగులో ఆగితే చట్రంతో పాటు పెచ్చు కూడా ఊడి గట్టు మీద పడుతుంది.

కాగితం కప్పు అడుగున చిల్లు పెట్టి బిట్‌కు తొడిగితే దుమ్ము కళ్లల్లో పడదు. అయినా కళ్లద్దాలు పెట్టుకోండి. స్టూలు మీద స్టూలు వేసే సాహసాలు వద్దు. నిచ్చెన, దాన్ని పట్టుకునే మనిషి ఇద్దరూ ఉండాలి.

బిట్ ఉన్నట్టుండి ఆగిపోయి, దుమ్ములో మెరుపు కనిపిస్తే కమ్మీ తగిలింది. నొక్కి కొయ్యకండి. రెండంగుళాలు పక్కకు జరిపి కొత్త రంధ్రం వేసి, పాతదాన్ని సిమెంటుతో మూసేయండి. అట్ట లెక్క రెండంగుళాలు తప్పినా ఫర్వాలేదు, గొలుసు సర్దుకుంటుంది.

రంధ్రం అయ్యాక లోపలి దుమ్మును చిన్న గాలి పంపుతో రెండు మూడుసార్లు ఊదండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. దుమ్ము మిగిలితే యాంకర్ కాంక్రీటును కాక పొడిని పట్టుకుంటుంది. యాంకర్‌ను దూర్చి, దానితో వచ్చే పోటుతో (లోపల పెట్టి సుత్తితో కొట్టే కడ్డీ), పోటు భుజం యాంకర్ అంచుకు తగిలేదాకా కొట్టాలి. అప్పుడే లోపలి ముక్క వెళ్లి యాంకర్‌ను విచ్చుకునేలా చేస్తుంది. ఐ బోల్టు తిప్పుతుంటే యాంకర్ కూడా తిరిగితే రంధ్రం వెడల్పైందని అర్థం. ఏదో దూర్చి బిగించే ప్రయత్నం చేయకుండా దాన్ని వదిలేసి మూడంగుళాల దూరంలో కొత్తది వేయండి. ప్లాస్టిక్ ప్లగ్గులో స్క్రూ కొక్కెం కప్పుకు ఎప్పుడూ వద్దు. గోడలో బరువు అడ్డంగా పడుతుంది కాబట్టి అది ఆగుతుంది. కప్పులో బరువు దాన్ని నేరుగా బయటికి లాగుతూనే ఉంటుంది.

బస్తాల పరీక్ష

గొలుసులు నాలుగూ లింకులు లెక్కపెట్టి సమానంగా కోయండి. చట్రం తగిలించి రసమట్టం పెట్టి చూడండి. ఒక మూల దిగితే అక్కడ క్విక్ లింకును ఒక లింకు పైకి మార్చండి. చట్రం అడుగున నట్లు గట్టిగా బిగించి, పొడుచుకొచ్చిన మర మీద గుండ్రటి మూత నట్లు వేస్తే చేతులు గీసుకోవు.

ఇప్పుడే గిన్నెలు తగిలించకండి. గట్టు మీద పరుపు గానీ దుప్పటి మడతలు గానీ వేసి, 25 కిలోల సోనామసూరి బస్తాలు రెండు, చట్రానికి అటొకటి ఇటొకటి, పొడవు బద్దల మీదుగా తాడుతో కట్టి వేలాడదీయండి. మామూలు సామాను బరువుకు ఇది రెండున్నర రెట్లు. ఒక రోజంతా ఉంచండి. కింద ఎవరూ నిలబడొద్దు, పిల్లలుంటే తలుపు వేసేయండి. మర్నాడు యాంకర్ల చుట్టూ ప్లాస్టరింగులో వెంట్రుకంత బీట పడిందా, ఐ బోల్టు కిందికి ఏమాత్రం దిగిందా చూడండి. దిగితే ఆ యాంకర్‌ను మార్చాల్సిందే.

కొక్కేలు 4 మి.మీ. కడ్డీవి, 19 మి.మీ. పైపు మీద ఎక్కేవి తీసుకోండి. సన్న తీగవి పోత ఇనుము బరువుకు నెమ్మదిగా విప్పుకుంటాయి. మామూలు ఎస్ కొక్కేనికి పెనం పైపు వెంట పరుచుకుంటుంది, రెండు మూడింటికే చోటు అయిపోతుంది. మెలి తిరిగిన కొక్కెమైతే పైపుకు అడ్డంగా, పుస్తకాల అరలో పుస్తకంలా నిలుస్తుంది, చోటు కలిసొస్తుంది. రెండు పైపుల మధ్య ఏడంగుళాలే ఉంటుంది కాబట్టి ముందు పైపు పెనం, వెనక పైపు పెనం ఎదురెదురుగా కాక సందుల్లోకి వచ్చేలా తగిలించండి. బరువైనవి వెనక పైపుకు, మధ్య బద్దకు అటూ ఇటూ సమానంగా. ఇనుప పెనాలను తడి తుడిచి, రవ్వంత నూనె రాసే ఎక్కించాలి, లేకపోతే తుప్పు నీళ్లు గట్టు మీద కారతాయి.

ఆర్నెల్లకోసారి నట్లు, క్విక్ లింకుల మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చేత్తో తిప్పి చూసుకోండి. అద్దె ఇల్లయితే రంధ్రాలు వేయకముందే ఓనరుకు వాట్సాప్‌లో చెప్పి సరేననిపించుకోండి. ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత గురించి మాట్లాడే కన్నా అది తేలిక. డ్రాప్ ఇన్ యాంకర్ బయటికి రాదు, పీకే ప్రయత్నంలో స్లాబు పెచ్చులూడుతుంది. ఐ బోల్టు విప్పేసి, రంధ్రం నోట్లో కాగితం ఉండ కుక్కి, పైన పుట్టీ పెట్టి రంగు వేస్తే సరిపోతుంది. తర్వాత వచ్చేవాళ్లకు అవసరమైతే ఆ పుట్టీ గీకి అదే యాంకర్ వాడుకోవచ్చు.